లైసెన్సులో ఉన్న పేరు

తోంగ్ దెషెంగ్ నా తమ్ముడు. ఒక తల్లి బిడ్డలం, పన్నెండేళ్ళు ఒకే మంచం మీద పడుకున్నాం. ఈ మాట ముందే రాసి పెడుతున్నాను. తర్వాత రాసేది చదివాక ఎవరూ నమ్మరు.

వాడు మా లోగిలి మధ్యలో నిలబడి చేతులు ప్యాంటుకు తుడుచుకుంటున్నాడు. మా కుక్క జీమా నా ఒళ్ళో ఉంది. దాని కుడి కన్ను ఉండాల్సిన చోట లేదు. రెప్పలు దాటి బయటికొచ్చి, ఒలిచిన లిచీ పండులా బుగ్గ మీద నిలబడింది.

“నేనేం చేశానన్నా? ఎత్తుకున్నాను, అంతేగా,” అన్నాడు.

“ఎక్కడ పట్టుకుని ఎత్తావు?”

వాడు గుమ్మం వైపు చూశాడు.

“నిన్నేరా. ఎక్కడ పట్టుకున్నావు?”

“మెడ దగ్గర. సంచీలోకి దిగనంది. నాలుగు కాళ్ళూ బిగదీసుకుని కూర్చుంది. పిల్లిని అలాగే పట్టుకుంటారు, కుందేల్నీ అలాగే పట్టుకుంటారు. దీనికేమైనా వేరే చట్టముందా?”

ఉంది. జింగ్‌బా కుక్కకు వేరే చట్టముంది. దాని ముఖం చూస్తే చాలు, గోడకేసి అదిమినట్టు చప్పిడిగా ఉంటుంది. ముక్కుకే చోటు లేని ముఖంలో కళ్ళకు చోటెక్కడిది? కనుగుంటలు సాసరంత లోతు కూడా ఉండవు. మెడ వెనక తోలు గుంజితే రెప్పలు వెనక్కి పోతాయి, గుడ్డు ముందుకు దూకుతుంది. అమ్మ ఉన్నప్పుడే మా తోబుట్టువులం ముగ్గురికీ ఈ సంగతి చెప్పింది. ఆమె పోయాక వాడికి నేను పదిసార్లు చెప్పాను. ఒక చెయ్యి రొమ్ము కింద, ఇంకో చెయ్యి పిర్రల కింద, చంటిపిల్లను ఎత్తినట్టు ఎత్తాలిరా అని. ప్రతిసారీ తల ఊపాడు. తల ఊపడం వాడికి బాగా వచ్చు.

మా ఆవిడ షూఛిన్ కెటిల్ పట్టుకుని వచ్చింది. జీమా ముఖం తుడవడానికి రోజూ కాచి చల్లార్చి ఉంచే నీళ్ళవి. అందులో చిటికెడు ఉప్పు వేసింది. తన పాత నూలు చొక్కా అంచు చింపి, తడిపి, ఆ కంటి మీద పరిచింది. ఈ కుక్క తన దుప్పటి తొక్కితే ఊరంతా వినబడేలా తిట్టే మనిషి. 

“లోపలికి నెట్టకు,” అన్నాను.

“నెట్టడం లేదు.”

“ఎండనివ్వకు.”

“నీ నోరు ఎండుతోంది, అది చూసుకో. సైకిల్ తియ్యి.”

“సైకిలెందుకు? వీడి వ్యాన్ ఉందిగా బయట.”

దెషెంగ్ టాక్సీ వ్యాన్ నడుపుతాడు. రొట్టె ముక్కకు చక్రాలు తొడిగినట్టుండే పసుపుపచ్చ వ్యాన్. మా సందు మొదట్లో గోడకు ఆనించి పెట్టాడు.

వాడు తాళాలు జేబులోంచి తీసి, మళ్ళీ జేబులో వేసుకున్నాడు. “ఆస్పత్రి ఉత్తరాన, లైసెన్సు మా ఇంట్లో దక్షిణాన. లైసెన్సు చూపించకపోతే వాళ్ళు కుక్కను ముట్టుకోరన్నా. నువ్వు సైకిల్ మీద పదిలంగా తీసుకుపో. నేను ఇంటికెళ్ళి లైసెన్సు పట్టుకుని నీకంటే ముందే అక్కడుంటా.”

“ముందు మమ్మల్ని దించి—”

“రెండుసార్లు ఊరు దాటాలా? టైము పోదూ?”

వెళ్ళిపోయాడు. వాడు తెచ్చిన సంచీ రాళ్ళ మీద పడి ఉంది. జిప్పున్న సంచీ, పెద్దది. అడుగున పాత తువ్వాలు మడిచి పరిచి ఉంది. అది కూడా చూశాను. చూసి ఏమీ అనుకోలేదు.

*

పొద్దున ఏడు దాటాక కుక్కను వీధిలోకి తేకూడదని మా ఊళ్ళో రూలు. మళ్ళీ రాత్రి ఎనిమిదికే. అప్పుడు తొమ్మిదిన్నర. కెటిల్ హ్యాండిల్‌కు తగిలించాను. షూఛిన్ వెనక క్యారియర్ మీద కూర్చుని ఎనామిల్ బేసిను ఒళ్ళో పెట్టుకుంది. నేను ఇరవై రెండేళ్ళు పనిచేసి, మూతపడేదాకా ఉన్న ఎనామిల్ కార్ఖానా కొలిమిలో కాలిన బేసినే అది. లోపల జీమా. పైన తడి తువ్వాలు, దాని మీద రెండు కట్టలు సెలెరీ ఆకుకూర.

“ఎవరైనా అడిగితే?” అంది.

“గుమ్మడికాయ అని చెప్పు.”

“గురకపెట్టే గుమ్మడికాయ.”

జింగ్‌బాలు మెలకువలో కూడా గురక పెడతాయి. ముక్కు లోపల దారి అంత ఇరుకు. ఎండాకాలం వస్తే మాకు భయం. పొద్దున అయిదుకు పది నిమిషాలు తిప్పి తెచ్చేస్తాను, మళ్ళీ చీకటిపడ్డాకే. పగలంతా ఇటుక నేల మీద, పొట్ట కింద తడి గోనెపట్టా. మెడకు తాడు కట్టను, రొమ్ము చుట్టూ నేనే కుట్టిన పట్టీ. ఆ రోజు ఎండలో బేసినులోంచి వచ్చే గురక వింటూ తొక్కాను. గురక ఉంటే ఊపిరి ఉన్నట్టు.

“ఇదిగో,” అంది షూఛిన్ నా వీపు వెనకనుంచి. “దెషెంగ్ పొద్దున ఎందుకొచ్చానన్నాడు?”

“ఏడాది తనిఖీకి. కుక్కను పోలీసు ఆఫీసులో చూపించి లైసెన్సు మీద ముద్ర వేయించాలి.”

“తనిఖీకి తీసుకెళ్ళేవాడు లైసెన్సు తెచ్చుకోడా?”

“మరిచిపోయుంటాడు.”

“సంచీ మరిచిపోలేదుగా.”

“నోరు మూసుకుని గుడ్డ తడుపు,” అన్నాను.

మూసుకుంది. అది కోపం కాదని నాకు తెలుసు. సంగతి నాకే తట్టేదాకా ఆగుదామనుకుంది.

మా అమ్మ పోయిన ఏడాది కాదు, అంతకు ముందు చలికాలంలో పోయింది. మంచంలో ఉండి ముగ్గుర్నీ పిలిచింది. నన్ను, దెషెంగ్‌ని, మా అక్క ఫెంగ్‌యిన్‌ని. అమ్మకు రాయడం రాదు. “ఈ పిల్లను చచ్చేదాకా ఎవరు సాకుతారో, నా గది వాళ్ళది. ఫెంగ్‌యిన్, నువ్వే సాక్షివి,” అంది. పిల్ల అంటే జీమా. దెషెంగ్ నవ్వాడు. “కుక్కకు గది రాసిన మొదటి ముసలమ్మ మా అమ్మే,” అన్నాడు. అమ్మ కూడా నవ్వింది. జీమాను నా చేతుల్లో పెట్టింది. రొమ్ము కింద ఒక చెయ్యి, పిర్రల కింద ఒక చెయ్యి.

ఆ గది మా లోగిలిలోనే ఉంది. దక్షిణం ముఖం. చలికాలంలో పొద్దున తొమ్మిదినుంచి మూడింటిదాకా నేలమీద ఎండ పడుతుంది. మేమున్నది ఉత్తరం ముఖం గది, నవంబరులో గోడలు చెమర్చడం మొదలుపెడితే ఏప్రిల్‌దాకా ఆరవు. షూఛిన్ మోకాళ్ళు అక్కడే పోయాయి. ఇప్పుడు మా సందులో గోడల మీద సున్నంతో గుండ్రం గీసి, లోపల ‘కూల్చు’ అని రాసి పోతున్నారు. కూల్చిన గదికి బదులు, ఆ గది ఎవరి పేర ఉంటే వాళ్ళకు సర్కారు కొత్త ఫ్లాట్ ఇస్తుంది. అమ్మ గది పేరు మార్చాలంటే పిల్లలు ముగ్గురూ ఒప్పుకుని రాసివ్వాలి. ఆ పని ఎప్పుడో అయిపోవాల్సింది. “చూద్దాంలే, తొందరేముంది,” అంటూ వచ్చింది అక్క.

ఇక లైసెన్సు. అమ్మ పోయాక వచ్చిన వసంతంలో కుక్కల రూలు వచ్చింది. నగరం లోపల లైసెన్సు కావాలంటే నేనూ షూఛిన్ రెండేళ్ళు నోరు కట్టుకున్నా ఫీజుకు చాలదు. ఊరి బయట, ఇటుక బట్టీల వైపు, దెషెంగ్ ఉండే చోట, చాలా తక్కువ. “నా పేరు మీద, మా ఇంటి అడ్రసు మీద తీసేద్దాం. కుక్క నీ దగ్గరే ఉంటుంది. కాగితం మీద పేరుదేముంది?” అన్నాడు దెషెంగ్. మా సందులో సగం కుక్కలు అలాగే ఉన్నాయి. మామల పేర్లు, బావల పేర్లు, కొలిమిలో తోటిపనివాళ్ళ పేర్లు. వీధి కమిటీ ముసలమ్మ కళ్ళు మూసుకుంటుంది.

ఆ డబ్బు నేనే ఇచ్చాను. లైసెన్సులో పేరు వాడిది, ఫోటో జీమాది. ఫోటో కోసం దాని ముఖం తుడిచి దువ్వింది నేను.

*

డాక్టర్ లాన్‌కి ముప్పై ఏళ్ళుంటాయేమో. బేసినులోంచి సెలెరీ తీసి పక్కన పెట్టింది, నవ్వలేదు.

“ఎంతసేపైంది?”

“ముప్పావు గంట.”

“లోపలికి నెట్టారా?”

“లేదు. తడిగుడ్డ వేసి ఉంచాం. ఎండనివ్వలేదు.”

“మామూలు నీళ్ళేనా?”

“కాచినవి. చిటికెడు ఉప్పు.”

కళ్ళద్దాల మీదుగా నన్ను చూసింది. తర్వాత జీమాను తూకం మీద పెట్టింది. మత్తుమందు కొలతకు బరువు తెలియాలట.

“నాలుగు కిలోల ఆరు వందలు. బాగుంది. నా దగ్గరికి ఏడెనిమిది కిలోలవి వస్తాయి. వాటంతట అవి నిలబడి ఊపిరి పీల్చలేవు.” చిటికెన వేలితో ముక్కు మీది మడత ఎత్తి వాసన చూసింది. “దీన్ని ఎన్నిసార్లు తుడుస్తారు?”

“మూడుసార్లు. తడిగుడ్డతో, వెంటనే పొడిగుడ్డతో. తడి నిలిస్తే లోపల కుళ్ళుతుంది.”

“తిండి?”

“మొక్కజొన్న జావ, ఉడికించిన కోడిమాంసం. కార్జం వారానికోసారే. మా అమ్మ రోజూ పెట్టేది, అందుకే పొట్ట నిలిచేది కాదు.”

చెవులు చూసింది. వేళ్ళ సందులు చూసింది. ఎడమ కంటి రెప్ప కిందికి లాగి చూసింది. “బాగా చూసుకున్నారు మేస్త్రీ,” అంది. “ఇలాంటి కుక్కకు మత్తు ఇవ్వడానికి నాకు కాస్త ధైర్యముంటుంది.”

కొలిమి మూతపడ్డాక నన్ను మేస్త్రీ అన్నవాళ్ళు లేరు. 

“లైసెన్సు?” అంది.

“వస్తోంది. మా తమ్ముడు తెస్తున్నాడు.”

“పేరు మీదేనా?”

“తమ్ముడిది.”

పెన్ను బల్ల మీద పెట్టేసింది. “అయితే ఆయనే సంతకం పెట్టాలి. చప్పిడి ముక్కు కుక్కకు మత్తు ఇస్తే ఒక్కోసారి లేవదు. లేవకపోతే మా మీదికి రానని లైసెన్సులో పేరున్న మనిషి రాసివ్వాలి. పోయిన నెల ఒకాయన మేనమామ కుక్కను తెచ్చాడు. అది చచ్చిపోయింది. మేనమామ వచ్చి ఇక్కడ అద్దాలు పగలగొట్టాడు, నా పేరు పై ఆఫీసుదాకా వెళ్ళింది. నా చేతుల్లో లేదు.”

“దీన్ని సాకింది నేను.”

“తెలుసు. దీని ఒళ్ళు చూస్తే తెలుస్తోంది. ఈ కాగితంలో దానికి గడి లేదు.” ఆమె గోడ గడియారం వైపు చూసింది. “ఇంకో అరగంట. ఈలోగా ఆయన వస్తే కన్ను లోపల పెట్టి రెప్పలు కుడతాను. ఆ పైనైతే తీసేయడమే.”

వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. షూఛిన్ గుడ్డ తడుపుతూనే ఉంది. అయిదు నిమిషాలకోసారి లేచి రోడ్డు మీదికి చూశాను. పసుపుపచ్చ వ్యాన్లు చాలా పోయాయి. ఆ రోజు ఊళ్ళో వ్యాన్లన్నీ ఆ రోడ్డు మీదే తిరిగినట్టున్నాయి.

పది నిమిషాలు మిగిలాయనగా వచ్చాడు. ఒక్కడే రాలేదు. వెనక తలుపు తీసుకుని మా అక్క దిగింది.

*

ప్రాణం కుదుటపడింది. నిజం చెప్పాలి కదా. అక్కను చూడగానే నాకు ప్రాణం కుదుటపడింది. ఏడాదిన్నరగా ప్రతి ఆదివారం మా ఇంటికొచ్చి షూఛిన్ చేసిన పిండి నూడుల్స్ తినిపోయే మనిషి. జీమా ముఖం తుడవడం నా దగ్గర నేర్చుకుని, నేను కూరగాయలకు పోతే తనే తుడిచే మనిషి.

“రా, సంతకం పెట్టు, టైము లేదు,” అన్నాను దెషెంగ్‌తో.

“పెడతానన్నా. దానికే వచ్చాను.” చొక్కా లోపలనుంచి మడిచిన కాగితం తీశాడు. “ముందు నీదొక సంతకం, తర్వాత నాదొక సంతకం.”

“ఏమిటిది?”

“చదువు.”

నేను అయిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. నెమ్మదిగా చదువుతాను, కానీ ఏదైనా రెండుసార్లు చదువుతాను. అందులో ఇలా ఉంది: మా అమ్మ చివరి కోరిక ప్రకారం ఆమె కుక్కను సాకినవారికి దక్షిణం ముఖం గది చెందాలి. లైసెన్సు ప్రకారం ఆ కుక్కను సాకుతున్నది చిన్న కొడుకు తోంగ్ దెషెంగ్. కాబట్టి గది అతని పేర మార్చవచ్చు. మిగతా ఇద్దరికీ అభ్యంతరం లేదు.

కింద ఎర్రగా, సంతకానికి బదులు వేసే అక్క పేరు ముద్ర. పక్కన తేదీ. జులై పదహారు.

ఆ రోజు పంతొమ్మిది. పదహారున జీమాకు రెండు కళ్ళూ ఉన్నాయి.

“ఇది పొద్దున రాసింది కాదు,” అన్నాను.

“ఎప్పుడు రాస్తేనేం? రాయాల్సిందే కదా.”

“నేను అక్కను అడుగుతున్నాను. అక్కా, ఆ ముద్ర నువ్వే వేశావా?”

అక్క బెంచీ దగ్గరికొచ్చి బేసిను పక్కన చతికిలబడింది.

“అమ్మ నిన్ను సాక్షిగా పెట్టింది. ఏమంది అమ్మ? నువ్వే చెప్పు.”

జేబులోంచి చేతిగుడ్డ తీసింది. కెటిల్ నీళ్ళతో ఒక మూల తడిపింది. జీమా ఎడమ కంటి కింద కారిన నీళ్ళు తుడిచింది. ముక్కు మడత చిటికెన వేలితో ఎత్తి, లోపల తడి మూలతో తుడిచి, వెంటనే పొడి మూలతో అద్దింది. అచ్చం నేను నేర్పినట్టే.

“ఎండ ఇటు తిరుగుతోంది. బేసిను నీడలోకి జరపండి,” అంది.

అంతే. ఆ రోజు అక్క నా ఎదుట అన్న మాట అదొక్కటే.

“అక్కనెందుకు నిలదీస్తావు?” అన్నాడు దెషెంగ్. “అల్లుడింట్లో వంటగదిలో మడతమంచం వేసుకుని పడుకుంటోంది. తెలుసా నీకు? కొత్త ఫ్లాట్ వస్తే ఆమెకో గది ఇస్తానన్నాను. నువ్విచ్చేవాడివా?”

“అడిగితే ఇచ్చేవాణ్ణి.”

“అదే మరి. నీ దగ్గర అన్నీ అడిగించుకోవాలి. అమ్మ కూడా అడిగి అడిగి మంచినీళ్ళు తాగింది.”

“నోరు జాగ్రత్త దెషెంగ్,” అంది షూఛిన్. “మీ అమ్మకు మంచంలో ఒళ్ళు తుడిచింది నేను. నువ్వు పండక్కి పళ్ళబుట్ట తెచ్చి, దాని ధర కాగితం చించకుండా వదిలేసేవాడివి.”

“వదినా, నీతో నాకు గొడవ లేదు.”

“నాకుంది.”

నేను కాగితం మడిచాను. “ఇది నేను గృహాల ఆఫీసుకు తీసుకెళ్తాను. కుక్క ఏడాదిన్నరగా ఎవరింట్లో ఉందో అక్కడ చెబుతాను. లోగిలిలో నాలుగు కుటుంబాలున్నాయి. అందరూ చెబుతారు.”

దెషెంగ్ బెంచీ చివర కూర్చుని సిగరెట్ వెలిగించుకున్నాడు. వాడికి తొందరేమీ లేదు. గడియారం వాడి వైపుంది.

“చెప్పన్నా. వెళ్ళి చెప్పు. ఊరి బయట లైసెన్సుతో నగరం లోపల కుక్కను దాచాను, ఏడాదిన్నరగా దాచాను, సాక్ష్యానికి నాలుగు కుటుంబాలను తెచ్చాను అని చెప్పు. ఆ సాయంత్రమే మీ సందులోకి కుక్కల బండి వస్తుంది. అప్పుడు కన్ను మాట కాదు, కుక్కే ఉండదు. నీ నోటితో నువ్వు చెబితేనే కదా అది నీదని తేలేది.”

అప్పుడు అర్థమైంది. నన్ను అర్థం చేసుకోమని వాడు ఏడాది టైమిచ్చాడు. నేను లైసెన్సు ఫోటోకు జుట్టు దువ్వుతూ కూర్చున్నాను.

డాక్టర్ లాన్ తలుపు తీసి నిలబడింది. “ఎవరు దెషెంగ్?”

“నేనే.”

“ఆరు నిమిషాలు.”

“మా అన్నకు ఓ చిన్న సందేహముంది డాక్టరుగారూ. తీరిపోతుంది.”

జీమా గురక మారింది. మధ్యలో ఆగి, మళ్ళీ పీల్చుకుంటోంది. నోరు తెరిచింది, నాలుక అంచు నీలంగా ఉంది. ఎడమ కన్ను నా వైపే ఉంది. కుక్క కంట్లో ఏముందో చెప్పే చదువు నాకు లేదు. నా వైపే ఉందని మాత్రం చెప్పగలను.

“పెట్టు సంతకం,” అంది షూఛిన్.

“నీ మోకాళ్ళు?”

“నా మోకాళ్ళు ఎక్కడికీ పోవు, నాతోనే ఉంటాయి. దాని కన్ను పోతోంది.”

“ఎండ పడే గది షూఛిన్. పద్దెనిమిదేళ్ళు ఎదురుచూశాం దానికోసం.”

“చూశాంలే. మనం చూసిన ఎండ చాలు. పెట్టు.”

నా పేరు ముద్ర ఇంట్లో ఉందన్నాను. దెషెంగ్ జేబులోంచి గుండ్రటి డబ్బా తీసి మూత తిప్పాడు. ఎర్రసిరా. వేలిముద్ర కోసం అది కూడా తెచ్చుకున్నాడు. మూత తిప్పి పట్టుకున్నప్పుడు మాత్రం వాడు నా ముఖంలోకి చూడలేకపోయాడు. దాన్ని కూడా రాస్తున్నాను, లేకపోతే న్యాయం కాదు.

బొటనవేలు వేశాను. వాడు కాగితం ఊది ఆరబెట్టుకుని, ఆస్పత్రి కాగితం మీద రెండు గీతల్లో సంతకం గీకేశాడు.

*

లోపలికి తీసుకెళ్ళాక గురక వినబడలేదు. గొంతులో గొట్టం వేస్తారట, అందుకని వినబడదట. వరండాలో నలుగురం.  దెషెంగ్ ఒక సిగరెట్ తీసి నా వైపు చాపాడు. వాడి చేతినుంచి ముప్పై ఏళ్ళుగా తీసుకుంటున్నాను. ఈసారి తీసుకోలేదు. కాసేపు అలాగే పట్టుకుని, చెవి మీద పెట్టుకున్నాడు. అక్క చేతిగుడ్డను నాలుగు మడతలు పెట్టింది, విప్పింది, మళ్ళీ మడతలు పెట్టింది.

డాక్టర్ లాన్ గంటకు వచ్చింది.

“లేచింది,” అంది. “కన్ను లోపలికి వెళ్ళింది, రెప్పలు కుట్టాను. చూపు ఉంటుందో లేదో పద్నాలుగు రోజులకు కుట్లు విప్పాక తెలుస్తుంది.”

షూఛిన్ ముఖం గోడ వైపు తిప్పుకుంది.

“ఇప్పుడు జాగ్రత్తగా వినండి. రెండు గంటలకోసారి చుక్కల మందు. కాలితో గోక్కోకుండా మెడకు అట్ట గొట్టం, దాన్ని వదులుగా కట్టాలి, ఊపిరాడాలి. అయిదు రోజులు చల్లటి చోట, నేల మీద. వేడి తగిలితే మెదడు వాస్తుంది, మత్తు దిగిన కుక్కకు మరీ ప్రమాదం. ముక్కు మడత రోజూ తుడవాలి, కుట్ల పక్కన తడి ఉండకూడదు. మెడ దగ్గర ఎవరూ ముట్టుకోకండి.” ఆమె నాకే చెబుతోంది. నేను ఒక్కొక్కటీ నోట్లో అనుకుంటున్నాను. మధ్యలో ఆగి, చేతిలో ఉన్న కాగితం చూసుకుంది. “అయిదో రోజు మావాళ్ళు వచ్చి చూస్తారు. ఎవరింట్లో ఉంటుంది?”

“మా ఇంట్లో,” అన్నాను.

“మా ఇంట్లో,” అన్నాడు దెషెంగ్.

ఇద్దరం ఒకేసారి అన్నాం. డాక్టర్ మా ముఖాలు చూసింది.

“నీ ఇంట్లో ఏమిటిరా?”

“గృహాల ఆఫీసు మనిషి గురువారం మా ఇంటికి చూడ్డానికి వస్తున్నాడన్నా. కుక్కను నేను సాకుతున్నానని కాగితంలో ఉంది. నువ్వే వేలిముద్ర వేశావు. ఆయన వచ్చేసరికి కుక్క లేకపోతే ఎలా?” గొంతు తగ్గించాడు. “పొద్దున సంచీ తెచ్చింది అందుకే. అది మంచిగా వచ్చుంటే ఇంత గొడవే ఉండేది కాదు.”

వాడింటికి రేకుల కప్పు. జులైలో పన్నెండింటికి లోపల రొట్టె కాలుతుంది. వాకిట్లో గొలుసుతో కట్టేసిన తోడేలు జాతి కుక్క ఒకటుంది.

“గురువారం దాకానా?” అంది షూఛిన్. “తర్వాత తెచ్చేస్తావా?”

“చూద్దాం వదినా. ఫ్లాట్ లెక్క తేలేదాకా ఎప్పుడు పడితే అప్పుడు వచ్చి చూస్తారట. తొందరేముంది?”

చూద్దాం, తొందరేముంది. ఆ మాటలు ఎవరివో నాకు తెలుసు. అక్క వైపు తిరిగాను. ఆమె అప్పటికే లోపలినుంచి బేసిను తెచ్చుకుంది. జీమా తువ్వాలు మీద పడుకుని ఉంది, కుడి కంటి మీద నల్ల దారం, మెడ చుట్టూ అట్ట గొట్టం. అక్క బేసినును రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని, నా పక్కనుంచి, నన్ను తగలకుండా, వ్యాన్ వైపు నడిచింది.

డాక్టర్ లాన్ చుక్కల మందు సీసా పట్టుకుని నిలబడింది. ఎవరికివ్వాలో తెలియక కాగితం మళ్ళీ చూసుకుంది. దెషెంగ్ చెయ్యి చాపాడు.

“రెండు గంటలకోసారి,” అన్నాను వాడితో. “రాత్రిళ్ళు కూడా. అలారం పెట్టుకో. రేకుల కింద పెట్టకు. పొట్ట కింద తడి గోనెపట్టా వెయ్యి. ముక్కు మడత ముందు తడిగుడ్డతో, వెంటనే—”

వాడు తల ఊపాడు.

వ్యాన్ తలుపు వేసేటప్పుడు లోపలినుంచి గురక వినబడింది. సన్నగా, కుట్లు లాగుతున్నట్టు. వ్యాన్ దక్షిణం వైపు తిరిగింది. నేనూ షూఛిన్ ఆ రోడ్డు మీద సైకిల్ పట్టుకుని నిలబడ్డాం. క్యారియర్ మీద రెండు కట్టలు సెలెరీ వాడిపోయి ఉన్నాయి.

ఆ రోజు నేను పోగొట్టుకున్నది ఇది. దక్షిణం ముఖం గది ఒకటి, పదకొండున్నర చదరపు మీటర్లు. జింగ్‌బా కుక్క ఒకటి, నాలుగు కిలోల ఆరు వందల గ్రాములు.